తక్కువైన సున్నా

చెంగయ్య వైర్‌లెస్ సెట్టులో ఆ రోజు నేను వేసింది ఏ రెసిస్టరు? ఆరేళ్ళుగా దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడల్లా నాకు ఇదే అనుమానం. నేను బాగుచేసిచ్చిన రెండో రోజే చెంగయ్య సముద్రంలో గాలివానకు చిక్కుకున్నాడు. పడవ శ్రీహరికోట అవతల మనిషి లేకుండా దొరికింది. అతని గొంతు ఒడ్డున ఎవరికీ వినపడలేదు.

మొన్న పొద్దున అతని భార్య మస్తానమ్మ, పడవలో మిగిలిన ఆ సెట్టునే సంచిలో పెట్టుకొని మా కొట్టుకు వచ్చింది.

"మా తమ్ముడు పెంచల్ పడవ కొన్నాడన్నా. దీన్ని పలికించి ఇయ్యి."

"కొత్తది కొనుక్కోమనమ్మా."

"కొత్తది నువ్వు కొనిస్తావా? విప్పు ముందు."

నాలుగు మరలు తియ్యడానికి ఎన్నడూ పట్టనంత సేపు పట్టింది.

రంగు గీతలు చూసి విలువ చెప్పే పాత రెసిస్టర్లతో పని నేర్చుకున్నవాణ్ణి నేను. ఈ కొత్తవి నువ్వుగింజంత ఉంటాయి. వీపు మీద మూడంకెలు. మొదటి రెండింటినీ ఉన్నట్టే చదవాలి, వాటి పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో మూడోది చెబుతుంది. 221 అంటే రెండువందల ఇరవై ఓములు. 220 అంటే ఇరవై రెండే. ఇది నాకు తెలిసేసరికి చెంగయ్య పోయి ఏడాదైంది.

భూతద్దం పెట్టి చూశాను. 220. దాని పక్క భాగం నల్లగా మాడి ఉంది.

"అమ్మా, తప్పు నాది. ఒక సున్నా తక్కువేసినాను. కొట్లో పలికింది, నీళ్ళ మీద కాలిపోయింది."

ఆమె ఆ నల్ల మరకనే చూస్తూ కూర్చుంది.

"ఊరికే ఉంటే కాలుద్దా?"

"లేదమ్మా. మీట నొక్కి పట్టుకొని మాట్లాడితేనే. శానా సేపు మాట్లాడుంటాడు."

"ఏడేళ్ళు ఆయన్నే తిట్టుకున్నానన్నా. తాగి పడుకొని, మమ్మల్ని తలుచుకోనే లేదేమోనని."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మాడిన భాగం మార్చి, 221 వేసి ఇచ్చాను. తీసుకొని వెళ్ళిపోయింది.

సాయంత్రం మళ్ళీ వచ్చింది. చేతిలో అరిటాకులో చుట్టిన వంజరం చేప.

"ఆ రోజు కూలికి బదులు చేప ఇస్తానన్నాడంట గదా నీకు. పోతాపోతా నాతో చెప్పినాడు."

"చెడగొట్టిన పనికి కూలేందమ్మా? నేనెట్ట తీసుకునేది?"

"నీ కోసం గాదులే. పోయినోడి మీద బాకీ ఉండకూడదు."

నా తప్పును ఏ దేవుడు ఏ లెక్కన చదువుతాడో నాకు తెలియదు. ఆ రోజు శనివారం, మా ఇంట్లో నీచు ముట్టం. రెండు చేతులూ చాచి అందుకున్నాను.