తాళ్ళు విప్పే మనిషి

పెరట్లో బట్టలారేసే తాడు తెగి పదిరోజులైంది. రెండు కొసలూ కలిపి ఒక్క ముడి వేస్తే సరిపోతుంది. తడిబట్టలు కుర్చీల మీదా కిటికీ చువ్వల మీదా ఆరేస్తున్నాను గానీ ఆ ముడి వేయలేకపోతున్నాను. "డిగ్రీ చదివిన కోడలొచ్చిందని మురిసిపోయాం. ఈ మహాతల్లికి ముడెయ్యడం కూడా రాదు," అని అత్తయ్య నవ్వుతారు. వచ్చు అత్తయ్యా. పీటముడి నేర్పింది మీరే.

పోయినసారి వరదకి ముందు మా కొట్టంలో రెండావులు, ఒక పెయ్య ఉండేవి. పొద్దున్నే పేడ ఎత్తడం, కుడితి కలపడం, పాలు పితకడం అన్నీ నావే. ఎవరైనా అడిగితే అత్తయ్య "మావాడి ఆవులు" అనేవారు. నా గురించి అడిగితే మా ఆయన "ఖాళీగా ఇంట్లోనే ఉంటుంది" అనేవారు. మా పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అందుకని ఇంటికొచ్చిన కాగితమల్లా నాచేతే చదివించేవాళ్ళు. వరద హెచ్చరిక కాగితం కూడా గుమ్మంలో నిలబడి పైకి చదివాను. ఇల్లు వదిలేటప్పుడు పశువుల తాళ్ళు విప్పేయండి, అవి ఈదుకుంటూ మెరకకి చేరతాయి అని ఉంది అందులో. ఆయన ట్రంకుపెట్టె భుజానికెత్తుకుంటూ, "కాగితాలు చదివి గొడ్లు కాస్తావా? వదిలేస్తే ఎవడో ఒకడు తోలుకుపోతాడు. గట్టిగా కట్టి రా. సాయంత్రానికి వచ్చేస్తాంగా," అన్నారు.

కట్టాను. రెండు చుట్లు తిప్పి బిగించాను. కడుతుంటే పెద్దావు నా మోచెయ్యి నాకింది. మేత తెచ్చాననుకుంది.

వరద తీసి మేం తిరిగి వెళ్ళేసరికి మూడోరోజు. ఆవులూ పెయ్యా కట్టినచోటే ప్రాణం లేకుండా పడున్నాయి. ముడులు తడికి ఉబ్బి రాళ్ళలా ఉన్నాయి. వేళ్ళతో రాలేదు. కొడవలితో కోశాను. ఆయన అందరితో, "కంగార్లో విప్పడం మరచిపోయింది, పాపం," అని చెప్పారు. నేను కాదనలేదు. మరచిపోవడం ఎవరైనా క్షమించే తప్పు కదా, అందులో ఒదిగిపోయాను. ఇప్పటికీ కూర తరుగుతున్నప్పుడో, అంట్లు తోముతున్నప్పుడో మోచేతి దగ్గర గరుకుగా, వెచ్చగా తగులుతుంది. కొంగుతో తుడుచుకుంటాను. అక్కడ తడేం ఉండదు.

ఈ ఏడు వరద కమిటీవాళ్ళు పశువుల రక్షణకి పని చేసేవాళ్ళు కావాలంటే పేరిచ్చాను. "జీతం బత్తెం లేని ఉద్యోగం! ఇంట్లో పనికి మాత్రం ఒళ్ళునొప్పులు," అన్నారు ఆయన. వంట ముగించి, ఫారాలు సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళే గుమ్మంలోకి వచ్చి జవాబు చెప్పారు. "నాలుగు గేదెలు" అని ఒకాయన అంటుంటే లోపలినుంచి, "ఐదండీ. ఒకటి చూడిది," అని ఆడగొంతు వినబడింది. యజమాని పేరు గడిలో ఆయన పేరే రాశాను. లోపలి గొంతుకి ఫారంలో గడి లేదు. ఆ రోజు ఇంటికొచ్చి స్కేలు పెట్టి ప్రతి ఫారం చివరా ఒక గడి గీశాను. దానిపైన ఇలా రాశాను: నీళ్ళొస్తే ఎవరినీ అడగకుండా తాళ్ళు విప్పే మనిషి.

నిన్న బడిలో కమిటీ సమావేశం. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మా ఆయన కూడా వచ్చారు. అధ్యక్షులుగారు కళ్ళజోడు సవరించుకుని నా ఫారం చూశారు.

"ఈ ఆఖరి గడి ఎందుకమ్మా? యజమాని పేరుందిగా."

"యజమాని ఇంట్లో లేకపోతేనండీ?"

"ఫోన్ చేసి అడుగుతారు."

వెనకనుంచి పాలు పోసే పెద్దామె అందుకుంది. "నీళ్ళు ఆగుతాయా నాయనా, ఫోనెత్తేదాకా? మా ఇంటాయనకి నేను పిలిస్తేనే వినబడదు."

అందరూ నవ్వారు. అధ్యక్షులుగారూ నవ్వారు. నవ్వుతూనే ఎర్రపెన్ను తీశారు. "అది కాదమ్మా. అడగకుండా అంటే బావుండదు. ఇంటి పెద్దని కాదన్నట్టుంటుంది. తీసేద్దాం."

అంతలో మా ఆయన లేచారు, నన్ను ఆదుకుందామనే. "ఏమనుకోకండి అధ్యక్షులుగారూ. అప్పుడు మా కొట్టంలో విప్పడం మరచిపోయింది. ఆ దిగులుతో ఏదేదో రాస్తోంది. కొట్టేయండి, నేను సర్దిచెప్తాను."

ఎర్రపెన్ను గడి మీదికి వచ్చింది. నా మోచేతికి గరుకుగా తగిలింది. ఈసారి తుడుచుకోలేదు.

"నేను మరచిపోలేదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "విప్పమన్న కాగితం ఆ రోజు నా చేతిలోనే ఉంది. కట్టమన్నారు. చెప్పినమాట విని కట్టాను."

ఆయన కూర్చున్నారో నిలబడే ఉన్నారో నాకు తెలియదు. పాలు పోసే పెద్దామె బెంచీల మధ్యనుంచి వచ్చి అధ్యక్షులుగారి చేతికింద నుంచి ఫారం లాగి నా ముందు పెట్టింది. "రాయమ్మా. మా ఇంటికి నా పేరు రాయి."

"మీది రెండోది పెద్దమ్మా," అన్నాను.

మొదటి ఫారం మా ఇంటిది. కొట్టంలో ఇప్పుడు, వరద తర్వాత కొన్న ఒక్క దూడే ఉంది. ఆఖరి గడిలో నా పేరు రాశాను, ఆయన వైపు చూడకుండా.