తాలింపు ముందు ఊపిరి

మార్యా ఆ గురువారం మెట్లన్నీ పరుగున ఎక్కి వంటింట్లోకి వచ్చిపడింది.

"హాగ్గా! మాస్టారింట్లో నేను వాయిస్తున్నంతసేపూ చీమ చిటుక్కుమంటే ఒట్టు. అంత శ్రద్ధగా విన్నారు!"

మొలోఖియా ఆకు తరుగుతున్న ఇంటావిడ, మక్కా వెళ్లొచ్చి హాగ్గా అనిపించుకున్న ఇన్షిరాహ్, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కైరోలో పాట నచ్చితే జనం నోరు మూసుకుంటారటే? పరాయి పిల్లవని మర్యాదకి ఊరుకున్నారు."

మార్యా మొహం వాడిపోయింది. ఏడాదిపాటు వయొలిన్ నేర్చుకుందామని ఎస్తోనియా నుంచి వచ్చిన పిల్ల. వాళ్ల దేశంలో కచేరీ మధ్య దగ్గినవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తారు. ఇక్కడ మధ్యలో "అల్లా!" అని కేక పడితేనే వాయించినట్టు. వచ్చే గురువారం వయొలిన్ నేర్పే వగ్దీ మాస్టారింట్లో మళ్లీ అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించి మెప్పించాలి. లేదంటే ఏడాది చివరి కచేరీలో చోటు లేదు, వచ్చిన దారినే ఇంటికి పోవాలి.

ఆ వారమంతా సాధన వంటింట్లోనే. ముందే రాసుకున్న కాగితం చూస్తూ, స్వరం పొల్లుపోకుండా వాయించేది. హాగ్గా మొహమాటానికైనా ఒక్క మెప్పు విదిలించలేదు. పైగా, "కాగితం బానే ఉంది. వాయించే మనిషేది?" అనేది.

బుధవారం మొలోఖియా పులుసు ఉడుకుతోంది. నేతిలో వెల్లుల్లి ఎర్రగా వేగింది. హాగ్గా మూకుడు ఎత్తి, గిన్నె మీద ఆపి, "హా!" అని ఇల్లు అదిరేలా ఊపిరి ఎగబీల్చి, అప్పుడు వంచింది. తాలింపు చుయ్యిమంది.

"అదేంటి హాగ్గా, చెయ్యి కాలిందా?"

"కాలడమేంటే! అలా ఊపిరి పీల్చకుండా పోస్తే మొలోఖియా కుదరదు. మా అమ్మా అంతే, వాళ్లమ్మా అంతే. ఒక్క క్షణం ఆగాలి, ఎదుటివాడికి నోరూరాలి. నువ్వేమో ఆకలెయ్యకముందే వడ్డించేస్తావు."

మర్నాడు మార్యా కాగితం ఇంట్లోనే వదిలేసింది. మాస్టారింట్లో హాగ్గా ముందు వరసలో బైఠాయించింది. మార్యా కళ్లు మూసుకుని వాయిస్తూ వాయిస్తూ మొదలెట్టిన స్వరం వైపు దిగివస్తోంది. ఇంకొక్క మెట్టుందనగా కమాను ఆపేసింది.

"హా!" అంది హాగ్గా, సాక్షాత్తూ మూకుడు చేతిలో ఉన్నట్టే.

ఆ చప్పుడు ఎరగని ఇల్లు ఆ ఊళ్లో లేదు. గదిలో నవ్వు పొంగబోయింది. సరిగ్గా అప్పుడే మార్యా ఆఖరి స్వరం మీద వాలింది. "అల్లా!" అని గది దద్దరిల్లింది. ఒక పెద్దాయన తొడ చరిచాడు.

"మళ్లీ! అదే మళ్లీ!" అని అరిచాడు వగ్దీ మాస్టారు.

మార్యా కమాను దించింది. "ఏం వాయించానో గుర్తులేదు మాస్టారూ."

"హమ్మయ్య!" అన్నాడాయన. "గుర్తుంటే అదీ కాగితమే అయ్యేది. కచేరీలో వాయించేవాళ్లలో ముందు చోటు నీదే."

మార్యా నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. అంత సంతోషం ఈ ఊరొచ్చాక ఎప్పుడూ ఎరగదు.

"గుర్తులేకపోతేనేం, వాయించవే!" అంది హాగ్గా ముసుగు సర్దుకుంటూ. "నేను లేనూ?"

మార్యా కమాను ఎత్తింది. ఈసారి హాగ్గా ఒక్కతే కాదు, గది గదంతా "హా!" అనడానికి నోరు తెరుచుకుని సిద్ధంగా కూర్చుంది.