బెంచీ మీద మిగిలినవాడు

కారు దిగనిచ్చే ముందు అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.

“ఒరేయ్ డార్సీ, నీకు హాకీ సీటిస్తామన్న కాలేజీ వాళ్ళు ఏం రాశారో ఇంకోసారి చెప్పు.”

“ఈ ఐస్ హాకీ శిబిరంలో రెండు రోజులు ఉండొచ్చు. వీళ్ళలో వీళ్ళు ఆడుకునే ఆటలు ఆడొచ్చు. బయటి జట్టుతో ఆట జరిగితే మాత్రం మంచు మీద కాలు పెట్టకూడదు.”

“పెడితే?”

“కాలేజీ లేదు, ఏం లేదు. నాన్నతో పాటు ధాన్యం గిడ్డంగిలో దుమ్ము మింగడమే.”

వెనక సీట్లో ట్రెవర్ నవ్వాడు. “వీడికి లెక్కల కన్నా ఇదే బాగా వచ్చింది ఆంటీ.”

ట్రెవర్, నేను నాలుగేళ్ళప్పటి నుంచి ఒకే మంచు మీద పడి లేచినవాళ్ళం. వాడికి చదువు అక్కర్లేదు, ఈ శిబిరం పెట్టిన జట్టులో చోటు దొరికితే చాలు. ఇక్కడ కుర్రాళ్ళ చేతిలో నెలనెలా కాస్త డబ్బు పెడతారు. అందుకని వీళ్ళ తరఫున ఒక్క ఆట ఆడినవాడు కూడా కాలేజీ లెక్కలో జీతగాడే, జీతగాళ్ళను వాళ్ళు చేర్చుకోరు.

రెండో రోజు మధ్యాహ్నం పక్క ఊరి జట్టుతో ఆట. మా రెండో గోలీకి, అంటే గోల్ కీపర్‌కి, మడమ బెణికింది. నేనూ గోలీనే. కోచ్ హుడాక్ ఒక జెర్సీ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు.

“రూలు ప్రకారం ఇద్దరు గోలీలు ఉండాల్రా. ఊరికే బెంచీ మీద కూర్చో. నిన్ను దింపను, మాటిస్తున్నా.”

వద్దనాల్సింది. కానీ మా వైపు కోచ్‌తో కాదన్న పిల్లవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. “సరే కోచ్” అన్నాను. ఆ రెండు ముక్కలే నా కొంప ముంచబోయాయి.

ఆట మొదలైనప్పటి నుంచి మా గోలీ కింద పడినప్పుడల్లా వాడు లేవాలని మొక్కుకున్నాను. ఇంకో గోలీ క్షేమం కోసం నేను అంతగా తపించిపోవడం అదే మొదలు.

చివర్లో అవతలివాడొకడు మా గోలీని కర్రతో పొడిచాడు. ట్రెవర్ వెళ్ళి వాడి మీద పడ్డాడు. వాడేమో ట్రెవర్ కన్నా తలంత పొడుగు. రెండు బెంచీలూ ఖాళీ అయ్యాయి, అందరూ మంచు చుట్టూ ఉండే చెక్క గోడ దూకి దిగేశారు. మాలో అది తప్పదు. తోటివాడు తన్నులు తింటుంటే బెంచీ మీద కూర్చున్నవాడి మొహం మళ్ళీ ఎవరూ చూడరు.

నేనూ లేచాను. ఒక కాలు గోడ మీద వేశాను. ట్రెవర్ వెల్లకిలా పడి ఉన్నాడు, ఆ పొడుగువాడు రొమ్ము మీదెక్కి గుద్దుతున్నాడు. ట్రెవర్ తల నా వైపు తిరిగింది. నన్నే చూస్తున్నాడు.

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. కూర్చున్నాను. ఆ పిడికిళ్ళకు భయపడి కాదు. ఆ మాట ఎవరికి చెప్పినా నమ్మరని అప్పుడే తెలుసు.

ముఖానికి ఆరు కుట్లు వేసి, అవి మానేదాకా ఇంట్లో ఉండమని ట్రెవర్‌ని మాతో పంపారు. దారిలో మూడు గంటలూ వాడు కిటికీకి తల ఆనించి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

“మంచు మీదికి దిగలేదుగా?” అంది అమ్మ.

“లేదు” అన్నాను.

పది రోజుల తర్వాత కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. రిఫరీ రాసిన నివేదికలో, గొడవలోకి దిగినవాళ్ళ పేర్లలో నా పేరూ ఉంది. కాదని రుజువు చేయకపోతే చేర్చుకోలేమన్నారు. అమ్మ రిఫరీకి ఫోన్ చేసింది. “ఎవరైనా కూర్చుంటారా అమ్మా? అందుకే అందరి పేర్లూ రాశాను” అన్నాడాయన. కోచ్ గొడవ చూస్తూ బెంచీ వైపు చూడలేదట. ఆ రోజు నన్ను చూసినవాడు ఒక్కడే ఉన్నాడు.

ట్రెవర్ వాళ్ళ కారు షెడ్డులో కర్రకు టేపు చుట్టుకుంటున్నాడు.

“ఒక కాగితం రాసివ్వాలిరా.”

“ఏమని?”

“నేను దిగలేదని.”

వాడు టేపు చుట్టడం ఆపలేదు. “అంటే, వాడు నన్ను కుమ్ముతుంటే నువ్వు కూర్చుని చూశావని.”

“అవును.”

“అది చదివి వాళ్ళు నిన్ను మెచ్చుకుని చేర్చుకుంటారు.”

“అవును.”

“పెన్నుందా?”

కారు మీద కాగితం పెట్టుకుని రాశాడు, సంతకం చేశాడు, నా మొహం చూడకుండా ఇచ్చాడు. వీధి మలుపు తిరిగాక గానీ చదివే ధైర్యం చాల్లేదు.

‘డార్సీ బెంచీ మీంచి కదల్లేదు. నాకు గట్టిగా తెలుసు. వాడు వస్తాడని చివరిదాకా వాడి వైపే చూస్తూ ఉన్నాను.’

అమ్మ దాన్ని రెండుసార్లు చదివి కవరులో పెట్టి అంటించింది. “ఇంక భయం లేదులే నాన్నా” అంది.

కాలేజీలో చేరాను. సెలవులకు వచ్చినప్పుడల్లా ట్రెవర్ వాళ్ళ వీధి తప్పించి, చుట్టూ తిరిగి ఇంటికి వెళ్తాను.