గోడలు లేని దర్వాజ

ఎల్లారెడ్డిలో గంగాబాయి చుట్టిన బీడీకి వంక పెట్టినవాళ్లు లేరు. కానీ ఆ తంబాకు పొడికే మనుమరాలు సాన్వికి ఊపిరాడక, పిల్లను కామారెడ్డి తీసుకుపోవలసి వచ్చింది. "తంబాకు ఇంట్ల ఉండొద్దు" అని డాక్టరు ఒక్క మాటలో తేల్చేశాడు. బీడీలు మానితే పొయ్యి వెలగదు. తంబాకు మూట కట్టుకుని లింగంపేటలో చెల్లెలింటికి పోదామంటే, అవ్వ కంటికి కనబడకపోతే ముద్ద ముట్టని పిల్లాయె. అందుకని పెరట్లో వెనక ప్రహరీ గోడకు ఆనించి వేరే గదిగా ఒక అర్ర కట్టుకుందామనుకుంది. బీడీలూ అక్కడే, మంచమూ అక్కడే.

చిట్టీ ఎత్తిన పైసలు ఇటుకలకూ టేకు దర్వాజకూ అయిపోయాయి. పర్మిషన్ సంగతి కోడలు వినీత గుర్తుచేసింది గానీ, గురువారం దాటితే మూఢమని పంచాంగం చూసి అయ్యగారు చెప్పాడు.

"కాయితం ఎప్పుడన్న అస్తది. ముహూర్తం అస్తదా?" అంది గంగాబాయి.

మేస్త్రి వెంకటి ఇంకా తలుపు బిగించని దర్వాజ చట్రాన్ని నిలబెట్టాడు. పసుపు రాసి, ఎర్రగుడ్డలో నవధాన్యాలు కట్టి, తొలి బొట్టు సాన్వి చేత పెట్టించారు.

గోడలు లేవకముందే మున్సిపాలిటీ ఆయన టేపు పట్టుకుని వచ్చాడు.

"అవ్వా, గోడకు ఆనిచ్చి కట్టొద్దు. వెనక మీటరు జాగ ఇడవాలె."

"నా జాగ నేనెవలికి ఇడవాలె బిడ్డా?"

"గాలికి, అవ్వా."

"గాలి కోసమే గద కట్టుకుంటున్న!"

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "రూలు నేను రాసిన్నా? దర్వాజ ముందటికి జరుపుండ్రి, ఇంజనీరుతోని నక్షా గీయించి ఫీజు కట్టుండ్రి. అయితది."

మీటరు వదిలితే దర్వాజకూ కొత్తగా లేపే వెనక గోడకూ నడుమ మంచం పట్టదు. ముందుకు జరపాలంటే నిలబెట్టినదాన్ని పీకాలి. వెంకటి తాపీ కింద పెట్టేశాడు.

"నేను పీకనవ్వా. పిల్ల చేతి బొట్టు పడ్డది. రేపు దానికి జరమొచ్చినా నన్నే అంటరు."

"నేనంటనారా?"

"నోటితోని అనవు. మనసుల అనుకుంటవ్."

గంగాబాయి కోడలి వైపు చూసింది.

"కట్టెను పీకితే ఏమైతదత్తా? నేనే పీకుత" అంటూ వినీత గడ్డపార తెచ్చి ఎత్తింది. బిడ్డ వేలిముద్ర పడిన కుంకుమ కళ్లెదుటే ఉంది. మెల్లగా దించేసింది. "పీకినా, నక్షాకు పైసలేడున్నయి?" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

ఇక చేసేదేమీ లేక గంగాబాయి బీడీల చాట తీసుకుని దర్వాజ అవతల, ఎండలో కూర్చుంది. కాసేపటికి సాన్వి ఇవతల వచ్చి నిలబడింది.

"అవ్వా, నేనస్త."

"వద్దు బిడ్డా, తలుపేసిన."

పిల్ల దర్వాజను కింద నుంచి పైదాకా చూసింది. పక్కనుంచి తిరిగి వచ్చి ఒళ్లో కూర్చుంది. కూర్చోగానే దగ్గు తెర అందుకుంది. దూరం జరుపుదామంటే గంగాబాయి చేతుల నిండా తంబాకు పొడి. తుడుచుకుందామంటే కొంగు నిండా అదే. రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుని, "వినీతా, పిల్లను తీస్కపోవే!" అని కేకేసింది.

సాన్వి దగ్గుతూనే ఆ కొంగును గట్టిగా పట్టుకుంది.