థర్మామీటరు మీద కాగితం

పైగా నవ్వాడు. తప్పంతా నెత్తిన వేసుకుని, అందరి ముందూ చీవాట్లు తిని, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు మావయ్య. ఆ నవ్వుకే నా ఒళ్లు మండిపోయింది. ఎవరడిగారు ఆయన్ని?

టమాటా తీగ పిలక గిల్లాను. ఇంకో తీగ. మళ్లీ పిలక. ఆకు మొదట్లోంచి పుట్టే ఈ పిలకల్ని వారం వారం తీసేయకపోతే తీగ అడవిలా అల్లుకుపోతుంది, పండుకి పోవలసిన బలమంతా ఆకులు తినేస్తాయి. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఏడేళ్లలో నా చేతులకి నా అవసరం తీరిపోయింది. అసలు జబ్బు అదేనేమో.

మూడు గంటల ఎండ అద్దాల కప్పులోంచి దిగి మెడ మీద కూర్చుంది. టమాటా పసరు వేళ్ల మీద నల్లగా పేరుకుంది. పొద్దున ఇదే వరసలో క్లిప్పులక్క కేక పెట్టింది. తీగల్ని తాళ్లకి క్లిప్పులతో నిలబెట్టడం ఆమె పని, అందుకే ఆ పేరు.

"ఈ గుత్తి చూడండే! అచ్చం మా అత్తగారి నోరే. ఉన్నవి రెండే!"

ఆరు కాయలుండాల్సిన చోట రెండు. మిగతావి ఎండిన తొడిమలు. పక్క తీగకీ అంతే, వరసంతా అంతే. మేము తీగ మీదే పండనిచ్చి, గుత్తి గుత్తిగా కోసి పంపుతాం. బోసి గుత్తి ఎవరిక్కావాలి?

సూపర్‌వైజర్ వచ్చాడు. గంటకోసారి స్తంభానికున్న థర్మామీటరు చూసి రాసుకుంటాడు కనక వెనకాల అతన్ని డిగ్రీల సారు అంటాం.

"ఈ వరస తుమ్మెదలన్నీ ఎటు పోయాయి? పెళ్లికెళ్లాయా?"

అప్పుడు తీగలకి పురుగుల మందు కొట్టే మావయ్య ముందుకొచ్చాడు. అద్దాల షెడ్డులోకి బయటి తుమ్మెదలు రావు కనక, పువ్వు కాయ కట్టడానికి వాటిని పెట్టెల్లో తెచ్చి పెడతారు. మందు కొట్టే సాయంత్రం తుమ్మెదల పెట్టెకున్న చిన్న తలుపు ఒక పక్కకి జరుపుతారు. అలా జరిపితే అవి లోపలికి రాగలవు, బయటికి పోలేవు. పొద్దున్నే మళ్లీ తెరవాలి.

"మూడు వారాల కింద తెరవడం మర్చిపోయాను సార్. నాలుగు రోజులు మూసే ఉంది."

"నాలుగు రోజులా! పువ్వుల మీద మచ్చలు చూసే వాళ్లు ఏం చేస్తున్నారు?"

చూసేదాన్ని నేనే. తుమ్మెద వాలిన పువ్వుకి, మధ్యనున్న పసుపు మొన మీద, అది పట్టుకుని కొరికిన చోట గోధుమరంగు మచ్చ పడుతుంది. రోజూ వరసకి ఇరవై పువ్వులు చూసి, మచ్చలుంటే స్తంభానికి వేలాడే కాగితం మీద టిక్కు పెట్టాలి. లేకపోతే వెంటనే చెప్పాలి. నేను నోరు తెరిచేలోపే మావయ్య అందుకున్నాడు.

"ఆ వారం నేనే చూస్తానని తనని పక్క షెడ్డుకి పంపాను సార్. తనకేం తెలీదు."

"ఈ శనివారంతో ఇంటికి వెళ్లిపో, పెద్దాయనా" అన్నాడు డిగ్రీల సారు.

తర్వాత మావయ్య నా పక్కనుంచి వెళుతూ నా ఏప్రన్ జేబులో మడిచిన కాగితం ఒకటి పెట్టాడు. "చింపెయ్యి అమ్మడూ" అన్నాడు.

ఆ వారం మచ్చల కాగితం. నేను పెట్టిన నాలుగు టిక్కులు. ముచ్చటగా, ఒకే కొలతలో. ఒక్క పువ్వు కూడా చూడలేదు. ఆ సోమవారం డిగ్రీల సారు నన్ను అందరి ముందూ నత్త అన్నాడు. నాలుగు రోజులు అతనికి జవాబులు కట్టుకుంటూ తిరిగాను. ఎంత మంచి జవాబులని! మనసులో అతన్ని నిలబెట్టి కడిగేశాను. చెయ్యి మాత్రం వెళ్లి టిక్కు పెట్టి వచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు పక్కింటి నిలువుటద్దం పగలగొట్టాను. "నేనే" అన్నాడు మావయ్య. దెబ్బలు తిని, ఇలాగే నవ్వాడు. ఆ తర్వాత చాలాకాలం అద్దంలో మొహం చూసుకుంటే ఆయన మీద కోపం వచ్చేది. ఎందుకో అప్పుడు తెలీలేదు. ఈ తీగల్లాగే నన్నూ తాడు కట్టి నిలబెట్టాడు. నా అంతట నేను కింద పడే హక్కు కూడా లేకుండా.

పిలకల బుట్ట వదిలేసి మావయ్య దగ్గరికి వెళ్లాను. వరస చివర మందు ట్యాంకు కడుగుతున్నాడు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"నెమ్మది. వినపడుతుంది."

"వినపడనీ. నేనేమైనా పాలు తాగే పిల్లనా?"

"నాకు అరవై దాటాయే. ఇవాళ కాకపోతే రేపు పొమ్మంటారు. నీకింకా బోలెడు రోజులున్నాయి."

"తలుపు సంగతి నీది, నువ్వు చెప్పావు, సరే. నాది నాకొదిలెయ్. మొదటి రోజే నేను చూసుంటే ఒక్క రోజుతో పోయేది!"

ట్యాంకులో నీళ్లు వంపాడు. "తెలుసు. అందుకే చింపెయ్యమన్నాను."

తెలుసట. పెట్టె తలుపు తెరిచిన రోజే ఈ టిక్కులు చూసుంటాడు, మూడు వారాలుగా తెలుసు. ఒక్క మాట అడగకుండా, నాతో చెప్పకుండా, తనంతట తానే క్షమించేశాడు. నా కళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఏడుపు కాదు, ఉక్రోషం.

"ఒక్కసారి తిట్టు మావయ్యా. నీకు పుణ్యముంటుంది."

"నాకు రాదే. తిట్లన్నీ మీ అమ్మ వాటాకి పోయాయి" అని మళ్లీ నవ్వాడు.

వెనక్కి వచ్చేశాను. నాలుగవుతోంది. రెండు వరసల అవతల డిగ్రీల సారు బూట్ల చప్పుడు. కాగితం మడత విప్పి తొడ మీద చదును చేశాను. స్తంభానికి దారంతో కట్టిన పెన్సిలు అందుకున్నాను. ఒక్కో టిక్కూ కొట్టేసి పక్కన "చూడలేదు" అని రాశాను. నాలుగుసార్లు. కింద సంతకం.

ఇది నిజాయితీ అని నన్ను నేను మభ్యపెట్టుకోను. కోపమే. ఆయన నాకివ్వని తిట్లు నాకు కావాలి. అవి డిగ్రీల సారు నోటినుంచైనా సరే. ఈసారి ఒక్క జవాబూ కట్టుకోలేదు.

బూట్లు ఈ వరసలోకి తిరిగాయి. కాగితం ఎప్పుడూ వేలాడే మేకుకి తగిలిస్తే అతను చూడకుండా వెళ్లిపోవచ్చు. పక్కకి జరిగి, దాన్ని థర్మామీటరు మీద, అంకెలు కనపడకుండా తగిలించాను.