వాలు మడి

దర్వీష్ చేసిన తప్పల్లా మిగిలిన విత్తనం తిరిగి తెచ్చివ్వడమే.

కొత్త మడిలో పత్తి విత్తాడు. ఏటా ఎలా విత్తుతాడో అలాగే విత్తాడు. గింజకీ గింజకీ అదే ఎడం, అదే చెయ్యి. గట్టు వచ్చేసింది గానీ సంచి అడుగున గింజలు ఇంకా ఉన్నాయి. దొరగారి గిడ్డంగి విత్తనం కదా అని భుజాన వేసుకుని వెనక్కి తెచ్చాడు. ఎస్టేటు మేనేజరు షుక్రీ ఎఫెందీ సంచి ఎత్తి చూసి, "పలచగా చల్లి దాచుకున్నావు. భయమేసి ఇంత తెచ్చావు. మిగతాది ఎక్కడమ్మావురా?" అన్నాడు.

గిడ్డంగి ముందు వెల్లకిలా పడేసి, కాళ్లు పైకెత్తి కట్టి, అరికాళ్ల మీద బెత్తంతో కొట్టారు. ఊరంతా నిలబడి చూసింది. దర్వీష్ వదిన వహీబా కూడా చూసింది. కొట్టినవాళ్ల మీద ఎంత మండిందో, దెబ్బలు తిన్న మరిది మీదా ఆమెకు అంతే మండింది. దొంగతనం చేస్తే చేశాడు, తెచ్చి చూపించడమెందుకు? పైవాడు ఒకణ్ణి దొంగ అంటే చాలు, ముందుగా నమ్మేది కిందివాళ్లమే.

నైలు పాయ పక్కన ఉన్న ఆ ఎస్టేటుకి ఒకటే గేటు. వెనక కాలువ, కాలువ మీద వంతెన, వంతెన మీద తుపాకీ పట్టుకున్న కావలివాడు. ఇళ్లు ఎస్టేటు యజమాని బే దొరవి, తూము దొరది, రొట్టె కాల్చుకునే మట్టిపొయ్యి కింద నేల కూడా దొరదే. రైతులకంటూ ఉన్నవి పంపు పక్కనున్న చిన్న చిన్న మడులు. కాలువ తవ్వినప్పుడు తాతలకు దక్కినవి. ఇప్పుడు పంపు పక్కనుంచి రోడ్డు పడుతోందని దొరకు ఆ మడులే కావాల్సొచ్చాయి.

"ఊరికే ఇమ్మన్నామా? కాలువ ఒడ్డున మార్పిడి ఇస్తున్నాం. గట్టుకి గట్టు సమానం. జానెడు తగ్గితే నన్నడగండి," అన్నాడు షుక్రీ.

కొలిచి చూపించాడు కూడా. పాత మడి నాలుగు గట్లూ రెల్లు గడతో కొలిచారు, కొత్త మడి నాలుగు గట్లూ కొలిచారు. అన్నీ సరిపోయాయి. రైతులకూ అదే కొలత తెలుసు. అన్నదమ్ములు పంచుకున్నా, బావమరుదులు తగువు పడినా, నాలుగు గట్లూ సమానమైతే మడి సమానమైనట్టే. పాత మడులు మూలలు చదరంగా, నిటారుగా ఉన్నాయనీ, కొత్తవి కాలువ వంపుతో పాటు పక్కకి వాలిపోయి ఉన్నాయనీ ఎవరికీ పట్టలేదు. అందరికంటే ముందు ఒప్పుకుని కాగితం మీద సంతకానికి బదులు తన ఇత్తడి ముద్ర వేసినవాడు దర్వీషే. మిగతావాళ్లంతా శుక్రవారం నమాజు అయ్యాక వెయ్యాలి. వహీబా మొగుడు బయూమీ ముద్ర మెడలో తాడుకి వేలాడుతూ ఉంది.

దర్వీష్ పాక గోడ పడిపోతే, అతను లేవలేడని, వహీబా పక్కింటి నబవియ్యాతో కలిసి ఇటుకలు పోస్తోంది. నాలుగు కర్రల అచ్చు పాతది, మూలల్లో మేకులు వదులైపోయాయి. అనుకున్నన్ని ఇటుకలూ అయ్యాయి గానీ తొక్కిన మట్టి మిగిలిపోయింది.

"గడ్డి ఎక్కువ కలిపి ఉంటావు, పొంగింది," అంది నబవియ్యా.

"రోజూ కలిపినంతే కలిపాను."

"మరీ మట్టెక్కడిది? నీ మొగుడు కన్నాడా?"

వహీబా నవ్వబోయి ఇటుకల వంక చూసింది. మొదటివి నిటారుగా ఉన్నాయి. పోనుపోను పక్కకి వాలి, సన్నబడుతూ వచ్చాయి. అచ్చు తీసుకుని రెండు చేతులతో ఒక పక్కకి నెట్టింది. లోపలి చోటు తగ్గింది. ఇంకా నెట్టింది. ఇంకా తగ్గింది. చివరికి కర్రకి కర్ర అంటుకుపోయి, వేలు పెట్టడానికి కూడా సందు లేకుండా పోయింది. కర్రలు మాత్రం ఆ నాలుగే, వాటి పొడుగూ అంతే.

"నబవియ్యా, దర్వీష్ దొంగ కాదే," అంది.

ఆ మాట మొగుడితో చెబితే బయూమీ టీ గ్లాసు కింద పెట్టి చిరాకు పడ్డాడు.

"ఇటుక వేరు, పొలం వేరు. మా తాత గట్లు కొలిచే పంచాడు. ఆయన తెలివితక్కువవాడా?"

"ఆయనా మోసపోయాడు. మనమూ మోసపోతున్నాం."

"షుక్రీకి ఇదంతా తెలుసంటావా?"

"తెలియకపోతే అన్నీ వాలు మడులే ఏరి ఎందుకిస్తాడు?"

బయూమీ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సరే, మోసమే. ముద్ర వెయ్యననుకో. రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. తూము కట్టేస్తాడు. పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతావు? కాలువలోనా?"

వహీబాకి ఎటు చూసినా గోడే. మడి ఇస్తే ఆకలి, ఇవ్వకపోతే వీధి. పేదవాడికి రెండు దార్లు చూపించి రెండూ మూసెయ్యడం దొరలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

శుక్రవారం మసీదు నుంచి జనం వచ్చేసరికి కళ్లం దగ్గర బల్ల వేసి ఉంది. బల్ల మీద కాగితాలు, సిరా అద్దిన గుడ్డ. షుక్రీ కుర్చీలో కూర్చున్నాడు. కొబ్బరి పీచు తాడూ నాలుగు మేకులూ పట్టుకుని వహీబా ముందుకొచ్చింది. వెనకాల ఆడవాళ్లు.

"ముద్ర వేసేముందు మేమూ ఒకసారి కొలుచుకుంటాం, ఎఫెందీ."

"కొలుచుకో. గట్లు పెరుగుతాయా, తరుగుతాయా?" నవ్వాడు షుక్రీ.

నాలుగు మేకులు నిటారు మడిలా పాతి తాడు బిగించారు. ప్రతి మూలా ముడేశారు. "పాత మడిలోకి రండి," అని పిలిచింది వహీబా. జనం నవ్వుకుంటూ వచ్చి లోపల కూర్చున్నారు. మోకాలికి మోకాలు తగిలేలా ఊరంతా సరిగ్గా పట్టింది. దర్వీష్‌ని కూడా మోసుకొచ్చి కూర్చోబెట్టారు.

ఆడవాళ్లు అవతలి రెండు మేకులూ పెరికారు. తాడు సడలకుండా కొత్త మడి ఎంత వాలి ఉందో అంత వాలుకి జరిపి పాతారు. తాడు జనం వీపుల మీదుగా నొక్కుకుంటూ వచ్చింది. ఒక పక్కవాళ్లు బయటపడ్డారు. లేచి, రెండో పక్క ఏర్పడ్డ ఖాళీలోకి వెళ్లి కూర్చోబోయారు. అక్కడ కొందరికే చోటు దొరికింది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నారు. ఒకరి వీపు ఒకరి మొహానికి తగిలింది. ఎవరిదో పసిపిల్ల ఊపిరాడక ఏడ్చింది. సర్దుకోమంటే సర్దుకోవడమే అలవాటైన జనం కదా, ఎంతసేపో ప్రయత్నించారు. చివరికి పెద్ద గుంపే తాడు బయట నిలబడిపోయింది. అందులో దర్వీష్‌ని ఎత్తుకున్నవాళ్లూ ఉన్నారు, వహీబా ఉంది.

"దగ్గరగా కూర్చోండి. మీ అమ్మ కడుపులో ఇంతకంటే చోటుందా?" అని అరిచాడు షుక్రీ.

ఎవరూ నవ్వలేదు.

"తాడు అదే. జనం అదే," అంది వహీబా. "మేం నిలబడ్డ చోటెక్కడికి పోయింది, ఎఫెందీ? మా మరిది విత్తనం ఎందుకు మిగిలింది?"

షుక్రీ కావలివాళ్లని పిలిచాడు. "లోపలున్నవాళ్లు బుద్ధిమంతులు. ముద్ర వేసి ఇంటికి పొండి, మీ జోలికి ఎవరూ రారు. బయటున్నది అల్లరి మూక. ఠాణాకి పట్టుకుపొండి."

లోపలివాళ్లు తలలు దించుకున్నారు. నెట్టేసిన వాళ్లని చూడటం కష్టంగా ఉంది వాళ్లకి. చూడకుండా ఉండటమూ కష్టంగానే ఉంది. ముందుగా నబవియ్యా లేచింది. "నాకిక్కడ ఇరుగ్గా ఉంది," అని తాడు దాటింది. ఆమె వెనక ఆమె కొడుకులు. తర్వాత మసీదు ఊడ్చే ముసలాయన చేతికర్ర కోసం వెతుక్కుంటూ లేచాడు. ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరు లేస్తుంటే తాడు లోపల మట్టి కనబడసాగింది.

ఆఖరికి బయూమీ ఒక్కడే మిగిలాడు. పిడికిట్లో ముద్ర బిగించి కూర్చున్నాడు.

షుక్రీ కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు. గొంతు మెత్తబడింది. "చూశావా బయూమీ, ఇప్పుడెంత చోటుందో. అంతా నీదే. ఇల్లూ నీకే ఉంటుంది."

బయూమీ పెళ్లాం వంక చూశాడు. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. అతను తిమ్మిరెక్కిన కాళ్లతో లేచి, ముద్రని మళ్లీ చొక్కా లోపలికి జారవిడిచి, తాడు దాటాడు.

"నన్నూ కట్టండి," అన్నాడు కావలివాడితో. రెండు చేతులూ ముందుకు చాపాడు. వహీబా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

అంతమందిని కట్టడానికి వాళ్ల దగ్గర తాళ్లు చాల్లేదు. కట్టకుండానే నడిపించారు. మొదటిసారి ఆ గేటు ఊరందరికీ ఒకేసారి తెరుచుకుంది, ఠాణాకి పోయే దారి కోసం. పక్క ఎస్టేటు పొలాల్లో పారలు ఆగిపోయాయి.

"ఏం చేశారక్కా? ఎందుకు తీసుకుపోతున్నారు?" అని గట్టు మీంచి ఎవరో అడిగారు.

"ముందు నువ్వు చెప్పు," అంది వహీబా ఆగకుండా. "మీ మడి నిటారుగా ఉందా, వాలుగా ఉందా?"

వాళ్లు పారలు దించి, వెనక్కి తిరిగి, తమ మడి మూలల వంక చూశారు.