మూడో చెంబు

ఇంకొక్క చెంబు, ఒక్కటంటే ఒక్కటే, ఆ తరవాత ఎత్తుకుంటాను, అనుకుంటూ జయమణి గోలెం దగ్గర చేతులు తోముతూనే ఉంది, నిన్న విప్పిన సబ్బుబిళ్ల అప్పుడే బఠాణీ గింజంతయింది, ఈ లెక్కన సబ్బుల కంపెనీవాడు మేడ మీద మేడ కట్టేస్తాడు, లోపల ఉయ్యాల్లో ఇరవై రెండు రోజుల పిల్ల ఏడుపు, ఆ ఏడుపుకి జాకెట్టు తడిసిపోతోంది, పాలకున్న తెగువ చేతులకి లేదు, మూడు రోజులుగా పక్కన పడుకుని, చేతులు వెనక్కి పెట్టుకునే పాలిస్తోంది, మొగుడు జ్ఞానశేఖర్ కూర్మన్నపాలెంలో ఉక్కు ఫ్యాక్టరీ పునాదుల పనిలో ఉన్నాడు, ఇంట్లో ఉంటే మాత్రం ఏమని చెబుతుంది, అరుగు మీంచి మామ సుందర్ రాజ్, ఏటమ్మీ, మా రోజుల్లో రేవులో క్రేనెక్కి దిగితే ఆ ఇనపరాయి ఎర్రదుమ్ముకి బుజాల మీద తోటకూర మొలిసీది, మీ అత్త అదే కోసి పులుసెట్టీది, ఈపాటి దుమ్ముకే సేతులరగదీసేత్తన్నావా, అంటున్నాడు.

దుమ్మయితే బాగుండును, మొన్న పిల్లకి నీళ్లు పోస్తుంటే, ఈ చేతులు వదిలేస్తేనో, అనిపించింది, వదల్లేదు, అనిపించిందంతే, కాని తలపులో చేసినా చేసినట్టేనని చర్చిలో అయ్యగారు అనలేదూ, అందుకే తలపు వచ్చినప్పుడల్లా కడుగుతోంది, మొదటిరోజు తలపుకి ఒక చెంబు, నిన్న రెండు, ఇవాళ మూడోది.

మూడోది ముంచేసరికి రేవులో ఓడ కూసింది, దీవెనమ్మ సిస్టరు గుర్తొచ్చింది, ఏడో నెలలో ఆసుపత్రి వరండాలో తొలిచూలు వాళ్లందర్నీ బల్లల మీద కూర్చోబెట్టి, పాలివ్వడం, నీళ్లు పోయడం చెప్పాక గొంతు తగ్గించి, పాడు తలపులొత్తాయమ్మా, పడేత్తానేమో, నలిపేత్తానేమోనని, పిల్లంటే పేణం కాబట్టే ఒత్తాయి, కడిగినకొద్దీ మరిగి మళ్లీ మళ్లీ ఒత్తాయి, ఓసారి కడుక్కోండి, ఎత్తుకోండి, రేవులో ఓడ కూసిందని మనింట్లోకొచ్చేత్తాదేటి, అంది, అందరికంటే ముందు నవ్వింది జయమణే, ఏ తల్లికైనా అలాగనిపిస్తాదా సిస్టరమ్మా, అని, సిస్టరు నవ్వలేదు, నాకనిపించింది, మా పెద్దోడప్పుడు, నాకెవులూ సెప్పలేదమ్మీ, ఏడాది కడిగీసినాను, పసిగుంటప్పుడు ఆడి ఒళ్లెలాగుండీదో నాకు తెలీదు, అంది.

ఒళ్లెలాగుండీదో తెలీదు, చెంబు గోలెంలో మునిగిపోయింది, తియ్యలేదు, తడిచేతులతోనే లోపలికి నడిచింది, తలపు కూడా వెంటే వచ్చింది, రానీ, ఎత్తుకుంది, చేతులు వదల్లేదు, పట్టుకున్నాయి, మెడ మడతలో పులిసిన పాలవాసన, వెచ్చగా, మూడు రోజులు చేతులు వెనక్కి పెట్టుకుని బెంగపడింది ఈ వాసనకే, ఓడ మళ్లీ కూసింది, కూయనీ, అది రేవులోనే ఉంది, పిల్ల ఇక్కడుంది.